నేటి పట్టాల మీద నాటి పొగబండి

పొగబండి అనగానే మనలో యాభై దాటినవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది కంట్లో పడిన బొగ్గు నలుసు. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడటం, అది దొరకగానే తల బయట పెట్టడం, కంట్లో నలుసు పడటం, అమ్మ చీరచెంగును నోటితో ఊది వెచ్చచేసి కంటికి అద్దడం. ఈ వరస దాదాపు అందరి ఇళ్ళలోనూ ఒక్కటే. నావంటి నలభైల్లో ఉన్నవాళ్ళకు ఆ రోజులు లీలగా గుర్తున్నాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు అదీ లేదు. వాళ్ళకు ఆవిరి ఇంజనంటే థామస్ అనే నీలిరంగు బొమ్మ.

అయితే ఆవిరి ఇంజన్లు లోకంలో పూర్తిగా లేకుండా పోలేదు. మ్యూజియంలో రంగువేసి నిలబెట్టిన వాటి సంగతి కాదు నేను చెప్పబోయేది. సెలవు రోజుల్లో పిల్లల్ని ఎక్కించుకుని నాలుగైదు మైళ్ళు తిప్పే విహారపు రైళ్ళ సంగతీ కాదు. వేలకొద్దీ టన్నుల సరుకు బళ్ళూ, గంటకు నూరు మైళ్ళు దాటి పోయే ప్రయాణీకుల బళ్ళూ తిరిగే అసలైన మెయిన్ లైన్ మీద, వాటి మధ్యనే, అదే సిగ్నల్ చూసుకుంటూ నడిచే పాత ఇంజన్లున్నాయి. అవి అక్కడ నడవగలగడం వెనక అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో నిషేధాలున్నాయి, దివాలాలున్నాయి, ప్రమాదాలున్నాయి. ఒక పాత వస్తువును బతికించుకోవడమంటే ఏమిటి, దానికి ఎంత ఖరీదు చెల్లించాలి అన్న ప్రశ్న కూడా ఉంది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఆవిరి ఆగిన రోజులు

అమెరికాలో పెద్ద రైలు కంపెనీలన్నీ ఒకదాని తరువాత ఒకటి 1950లలో డీజిలుకు మారిపోయాయి. బొగ్గు గనుల మధ్య ఉన్న నార్ఫోక్ అండ్ వెస్టర్న్ కంపెనీ చివరిదాకా పట్టుపట్టి, 1960లో అదీ వదిలేసింది. బ్రిటన్‌లో 1968 ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కు వెళ్ళి వచ్చిన ప్రత్యేక రైలుతో ఆవిరి శకం ముగిసింది. ఆ టిక్కెట్టు ఖరీదు పదిహేను గినీలు కావడంతో ఆ బండికి ఆ పేరే స్థిరపడింది. మర్నాటి నుంచి బ్రిటిష్ రైల్వే తన మెయిన్ లైన్ మీద ఆవిరి ఇంజన్లను నిషేధించింది. పాత ఇంజనును ఎవరైనా కొనుక్కోవచ్చు, సొంత స్థలంలో నడుపుకోవచ్చు, కానీ మా పట్టాల మీదికి మాత్రం రావద్దు అన్నారు. పశ్చిమ జర్మనీలో కూడా 1977 నుంచి 1985 దాకా ఇటువంటి నిషేధమే నడిచింది.

మన దేశంలో ఆవిరి ఇంకొన్నాళ్ళు బతికింది. చిత్తరంజన్ కర్మాగారంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయినా, ఉన్నవాటిని వాడుతూ బ్రాడ్‌గేజ్ మీద 1995 దాకా లాక్కొచ్చారు.

కోపమో ద్వేషమో ఉండి ఆవిరిని తరిమేయలేదు. ఆవిరి ఇంజనుకు మనుషులెక్కువ కావాలి, నీళ్ళెక్కువ కావాలి. రాత్రంతా నిప్పు చూసుకోవాలి, రోజూ బూడిద దులపాలి, కొన్నాళ్ళకొకసారి బాయిలరు కడగాలి. మీట నొక్కితే కదిలే డీజిలు ఇంజను పక్కన అది నిలబడలేకపోయింది. లెక్క ప్రకారం చూస్తే అది సరైన నిర్ణయమే.

నిషేధంలో ఒక చిన్న కన్నం

బ్రిటన్ నిషేధంలో ఒక మినహాయింపు మిగిలిపోయింది. ఆ ఇంజను పేరు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. 1923లో డాన్‌కాస్టర్‌లో తయారైంది. 1934లో గంటకు 100 మైళ్ళ వేగం అధికారికంగా నమోదు చేయించుకున్న తొలి ఆవిరి ఇంజను అదే. దాన్ని తుక్కుకు పంపబోతుండగా 1963లో ఆలన్ పెగ్లర్ అనే వ్యాపారి మూడు వేల పౌన్లకు కొన్నాడు. కొన్నప్పుడే, మెయిన్ లైన్ మీద నడుపుకునే హక్కును ఒప్పందంలో రాయించుకున్నాడు. నిషేధం వచ్చినా ఆ కాగితం చెల్లింది.

కాగితం ఉన్నంత మాత్రాన బండి నడవదని పెగ్లర్‌కు త్వరలోనే తెలిసొచ్చింది. ఆవిరి ఇంజను బొగ్గు కంటే ముందు నీళ్ళకు అలమటిస్తుంది. పూర్వం స్టేషన్లలో నీటి తొట్లూ, పట్టాల మధ్య బండి పరుగెడుతుండగానే తోడుకునే నీటి కాలవలూ ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా పీకేస్తుంటే ఆయన ఇంజను వెనక రెండో టెండరు తగిలించుకుని, దాన్నిండా నీళ్ళు మోసుకుపోవాల్సి వచ్చింది. 1969లో ఆ ఇంజనును అమెరికా తెచ్చాడు. ఇక్కడి నిబంధనల కోసం దానికి గంట తగిలించారు, ముందు ఇనుప చట్రం బిగించారు. దేశమంతా తిరిగి కాలిఫోర్నియా చేరేసరికి డబ్బులైపోయాయి. పెగ్లర్ దివాలా తీశాడు. ఇంజను ఇక్కడే చిక్కుకుపోయింది. 1973లో విలియం మెకాల్పైన్ దాన్ని కొని ఓడ మీద ఇంటికి చేర్చాడు.

ఈలోగా 1971 అక్టోబరులో బ్రిటిష్ రైల్వే తలుపు కొద్దిగా తెరిచింది. ఒక సైడరు కంపెనీ బాగుచేయించి ఉంచిన కింగ్ జార్జ్ ది ఫిఫ్త్ అనే ఇంజనును ప్రయోగంగా మెయిన్ లైన్ మీదికి అనుమతించారు. పట్టాలకిరువైపులా జనం కిక్కిరిసిపోయారు. ప్రమాదమేమీ జరగలేదు. ఆ తరువాత కొన్ని ఎంపిక చేసిన దారుల్లో, కొన్ని ఎంపిక చేసిన ఇంజన్లకు అనుమతులు మొదలయ్యాయి. అంతమంది జనం వస్తే దానికి టిక్కెట్టు కూడా పెట్టవచ్చని రైల్వేవారికి అర్థమైంది. అభిమానం తెరిచిన తలుపును ఆదాయం మూసుకోకుండా ఆపింది.

అమెరికాలో తీరు వేరు. ఇక్కడ పట్టాలు ప్రైవేటు కంపెనీలవి. వాళ్ళ దయ ఉన్నంతవరకే పాత ఇంజను నడుస్తుంది. సదరన్ రైల్వే 1966లో మొదలుపెట్టిన ఆవిరి విహారాలను, దాని వారసురాలైన నార్ఫోక్ సదరన్ 1994లో ఆపేసింది. యూనియన్ పసిఫిక్ మాత్రం 844 నంబరు ఇంజనును అసలు వదలనేలేదు. ఆ కంపెనీ కోసం తయారైన ఆఖరి ఆవిరి ఇంజను అది. 1944లో వచ్చింది, ఇప్పటిదాకా దాన్ని జాబితాలోంచి కొట్టేయలేదు.

గెట్టీస్‌బర్గ్ నేర్పిన పాఠం

పాత ఇంజను నడపడంలో అసలు ప్రమాదం ఎక్కడుందో తెలియాలంటే 1995 జూన్ 16న పెన్సిల్వేనియాలో ఏం జరిగిందో చూడాలి.

ముందు బాయిలరు గురించి రెండు మాటలు. లోపల కొలిమి ఉంటుంది. దాని చుట్టూ, దాని నెత్తి మీదా నీళ్ళుంటాయి. కొలిమి పైకప్పు ఉక్కు రేకు. కింద నిప్పు, పైన నీళ్ళు. నీళ్ళున్నంతసేపూ ఆ వేడిని నీళ్ళు లాగేసుకుంటాయి కాబట్టి రేకుకు ఏమీ కాదు. పొయ్యి మీది గిన్నెలో నీళ్ళున్నంతవరకూ గిన్నె మాడదు కదా, అలాగే. నీటి మట్టం ఆ రేకు కంటే దిగిందంటే నిమిషాల్లో రేకు ఎర్రగా కాగి మెత్తబడుతుంది, పీడనానికి లొంగిపోతుంది. అప్పుడు బాయిలరులో ఉన్న నీరంతా ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇటువంటి పేలుళ్ళలో పోయిన ఇంజను సిబ్బంది చాలామంది.

ఆ రోజు గెట్టీస్‌బర్గ్ రైల్‌రోడ్ వారి 1278 నంబరు ఇంజను విహార యాత్రీకులతో వెళుతూ గార్డ్‌నర్స్ దగ్గర సరిగ్గా ఇదే పరిస్థితిలో పడింది. నీళ్ళు తగ్గాయి, పైకప్పు రేకు లొంగింది. క్యాబులో ఉన్న ముగ్గురికీ తీవ్రంగా ఒళ్ళు కాలింది. ప్రయాణీకులకేమీ కాలేదు. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా సంస్థ రెండు విషయాలు తేల్చింది. ఒకటి, నీటి మట్టం చూపించే పరికరాల నిర్వహణ సరిగ్గా లేదు, సిబ్బందికి తగిన శిక్షణా లేదు. రెండోది, పేలుడు ఇంకా ఘోరంగా లేకపోవడానికి కారణం 1948లో ఆ ఇంజనును తయారుచేసినవాళ్ళ ముందుచూపు. పైకప్పు రేకును పట్టి ఉంచే బోల్టుల్లో కొన్ని వరసలను వేరే రకంగా పెట్టారు. దానివల్ల రేకు ఒక్కసారిగా చిరగలేదు. ఒకచోట తెగి, పీడనం మెల్లమెల్లగా బయటికి పోయింది.

నలభై ఏడేళ్ళ క్రితం ఎవరో ఇంజనీరు, తాను ఎన్నడూ చూడబోని మనుషుల పొరపాటును ఊహించి, వాళ్ళ ప్రాణాలు కాపాడే ఏర్పాటు చేసిపెట్టాడు. మనలో ఇంజనీరింగు చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంజను లోహం కంటే ముందు అరిగిపోయింది దాన్ని నడిపే విద్య. పుస్తకాలున్నాయి, బొమ్మలున్నాయి. కానీ నిప్పు రంగు చూసి గాలి చాలడంలేదని చెప్పగలగడం, గాజుగొట్టంలో కనిపిస్తున్న నీరు నిజమైన మట్టమేనా అని మరోసారి పరీక్షించి చూసుకునే అలవాటు, ఎత్తు ఎక్కి దిగేటప్పుడు బాయిలరులో నీళ్ళు ముందుకు జారతాయని ముందే లెక్కవేసుకోవడం, ఇవి ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకోవలసినవి. ఒక తరం నేర్పకుండా వెళ్ళిపోతే గొలుసు తెగిపోతుంది.

ఈ ప్రమాదం తరువాత ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ ఆవిరి ఇంజన్ల నిబంధనలను తిరగరాసి 1999లో ప్రకటించింది. పాత ఇంజన్లు నడిపేవాళ్ళే ఆ నిబంధనల తయారీలో కూర్చున్నారు. వాటి ప్రకారం ఒక ఇంజను 1,472 రోజులు పనిచేశాక, లేదా 15 ఏళ్ళు గడిచాక, ఏది ముందైతే అప్పుడు, బాయిలరును పూర్తిగా విప్పి లోపలా బయటా పరీక్షించాలి. రేకు ప్రతిచోటా ఎంత మందం మిగిలిందో కొలిచి, ఆ మందం ఎంత పీడనానికి ఆగుతుందో కొత్తగా లెక్కగట్టి కాగితం మీద చూపించాలి. "మా తాత నడిపినప్పుడు ఇంత పీడనం ఉండేది" అంటే కుదరదు. బ్రిటన్‌లో ఈ గడువు మామూలుగా పదేళ్ళు. అందుకే అక్కడ ఏ ప్రసిద్ధ ఇంజనైనా పదేళ్ళు తిరిగి, కొన్నేళ్ళు షెడ్డులో ఎముకలగూడులా పడి ఉండి, మళ్ళీ బయటికొస్తుంది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను బ్రిటన్ జాతీయ రైల్వే మ్యూజియం 2004లో 23 లక్షల పౌన్లకు కొంది. దాన్ని మళ్ళీ పట్టాలెక్కించేసరికి 2016 వచ్చింది, ఇంకో 42 లక్షల పౌన్లు ఖర్చయ్యాయి. కొన్నదానికంటే బాగుచేయడానికే ఎక్కువైందన్నమాట.

ఎర్ర సిగ్నల్ దాటిన బండి

బాయిలరు బాగుంటే సరిపోదు. పట్టాలు మనవొక్కరివే కావు. ఈ సంగతి 2015 మార్చి 7న ఇంగ్లండులోని వూటన్ బాసెట్ జంక్షన్ దగ్గర అందరికీ గట్టిగా తెలిసొచ్చింది.

బ్రిటన్ ఇంజన్లలో ఒక హెచ్చరిక యంత్రముంటుంది. ముందు సిగ్నల్ ఆపమనే సూచన ఇస్తుంటే క్యాబులో హారన్ మోగుతుంది. డ్రైవరు రెండు మూడు సెకన్లలో మీట నొక్కి "విన్నాను" అని చెప్పాలి. చెప్పకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. ఆ రోజు టాంగ్‌మియర్ అనే ఆవిరి ఇంజను ప్రయాణీకులతో వస్తోంది. వేగం తగ్గించవలసిన ఒకచోట డ్రైవరు సమయానికి మీట నొక్కలేదు. బ్రేకులు పడ్డాయి. బండిని పూర్తిగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టవలసింది. దానికి బదులు సిబ్బంది ఒక కుళాయి తిప్పి ఆ యంత్రాన్నే పక్కకు తప్పించి బండి కొనసాగించారు. దానితోబాటే ఎర్ర సిగ్నల్ దాటితే బండిని ఆపవలసిన రెండో రక్షణ కూడా పనిచేయకుండా పోయింది. తరువాతి సిగ్నల్ ఎర్రగా ఉంది. బండి దాన్ని దాటిపోయి, జంక్షన్‌కు అడ్డంగా ఆగింది. లండన్ వైపు వెళ్ళే వేగపు రైలు ఆ జంక్షన్ దాటి అప్పటికి ఒక్క నిమిషం కూడా కాలేదు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆవిరి బండ్ల భవిష్యత్తు ఆ సాయంత్రం దారానికి వేలాడింది. ఆ బండి నడిపిన కంపెనీ అనుమతిని కొంతకాలం నిలిపివేశారు. మరుసటి సంవత్సరం కోర్టు రెండు లక్షల పౌన్ల జరిమానా వేసింది. డ్రైవరుకు శిక్ష పడి, అమలు వాయిదా పడింది.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. రక్షణ కోసం పెట్టిన తనిఖీ పనికి అడ్డొస్తోందని దాన్ని తాత్కాలికంగా తీసేసి, తరువాత మళ్ళీ పెట్టడం మరచిపోవడం మా రంగంలో రోజూ వినే కథ. మా దగ్గర మహా అయితే ఒక సర్వరు కూలుతుంది. వూటన్ బాసెట్‌లో కూలి ఉండేవి రెండు రైళ్ళు.

అమెరికాలో ఇటువంటి రక్షణ యంత్రం రావడానికి ఇంకా పెద్ద మూల్యం చెల్లించవలసి వచ్చింది. 2008 సెప్టెంబరు 12న లాస్ ఏంజెలెస్ దగ్గర చాట్స్‌వర్త్‌లో, సెల్‌ఫోనులో సందేశాలు పంపుతూ ఉన్న డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటి ఎదురొస్తున్న గూడ్సు బండిని గుద్దాడు. 25 మంది చనిపోయారు. వెంటనే కాంగ్రెసు చట్టం చేసి, ముఖ్యమైన లైన్లన్నిటి మీదా పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్ అనే వ్యవస్థ పెట్టి తీరాలంది. 2020 ఆఖరుకు అది పూర్తయింది. ఉపగ్రహాల ద్వారా బండి ఎక్కడుందో తెలుసుకుని, రేడియో ద్వారా ముందు దారి ఎలా ఉందో తెలుసుకుని, డ్రైవరు ఆపకపోతే తానే ఆపే కంప్యూటరు అది.

ఆవిరి ఇంజనుకు కంప్యూటరు

ఆవిరి ఇంజనులో కంప్యూటరు పెట్టడమంటే ఎన్ని చిక్కులో ఆలోచించండి. మొదటిది కరెంటు. డీజిలు ఇంజనంటేనే ఒక విద్యుత్ కేంద్రం. ఆవిరి ఇంజనులో దీపాల కోసం ఒక చిన్న ఆవిరి జనరేటరు తప్ప ఏమీ ఉండదు. కంప్యూటరుకు ఒడిదుడుకులు లేని కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీలూ, అదనపు జనరేటర్లూ పెట్టాలి. రెండోది చోటు. వేడి, తేమ, నూనె, మసి, గుండె అదిరేంత కుదుపు, వీటి మధ్య తెర బతకాలి. మూడోది అసలు చిక్కు. డీజిలు ఇంజనులో కంప్యూటరు బ్రేకులు వేస్తూనే మోటార్లకు కరెంటు ఆపేయగలదు. ఆవిరి ఇంజనులో ఆవిరిని వదిలే రెగ్యులేటరు ఒక ఇనుప మీట. అది మనిషి చేత్తోనే మూయాలి. బ్రేకులు ఒకవైపు పట్టి ఆపుతుంటే ఆవిరి రెండోవైపు తోస్తూ ఉంటుంది. కాబట్టి యంత్రమెంత తెలివైనదైనా డ్రైవరు చెయ్యి దానితో కలిసి పనిచేయాలి.

ఈ పని చేయకపోతే ఏమవుతుందో వేల్స్‌లో చూశారు. అక్కడి కేంబ్రియన్ లైన్ మీద 2011లో పట్టాల పక్క సిగ్నళ్ళు తీసేసి, సూచనలన్నీ క్యాబులోని తెర మీదే కనిపించే ఐరోపా పద్ధతి, ఈటీసీఎస్, పెట్టారు. ఆ తెర లేని ఆవిరి విహారాలు ఆ సముద్రతీరపు దారికి దూరమయ్యాయి. ఇప్పుడు లండన్ నుంచి ఉత్తరానికి పోయే తూర్పు తీరపు మెయిన్ లైన్‌లో కూడా అదే పద్ధతి తెస్తున్నారు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పేరు తెచ్చుకున్న దారి అది. అక్కడ ఆవిరి మిగలాలంటే ఒక ఇంజనులోనైనా ఈ పరికరం పెట్టి చూపించాలి. ఆ ప్రయత్నానికి ఎంపికైన ఇంజను టొర్నాడో.

టొర్నాడో కథ వేరే చెప్పుకోదగ్గది. 1948, 49లలో తయారైన పెప్పర్‌కార్న్ ఏ1 రకం ఇంజన్లు 49 ఉండేవి. ఒక్కటీ మిగలకుండా తుక్కైపోయాయి. 1990లో కొందరు అభిమానులు కూడి, లేనిదాన్ని బాగుచేయలేం గానీ కొత్తగా కట్టగలం కదా అనుకున్నారు. పాత బొమ్మలు వెతికి పట్టుకున్నారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇవ్వండి చాలని జనాన్ని అడిగారు. అలా పద్దెనిమిదేళ్ళు పోగుచేసిన సుమారు 30 లక్షల పౌన్లతో 2008లో డార్లింగ్టన్‌లో ఇంజను పూర్తయింది. అంత పెద్ద బాయిలరు చేసేవాళ్ళు ఇంగ్లండులో మిగలకపోవడంతో దాన్ని జర్మనీలోని మైనింగెన్‌లో చేయించారు. రివెట్లతో బిగించే పాత పద్ధతికి బదులు వెల్డింగు చేశారు. బ్రేకులు నేటి బళ్ళకు సరిపోయేవి పెట్టారు. రూపం పాతదే, భద్రత నేటిది. బ్రిటన్‌లో ఆవిరి బళ్ళను మామూలుగా గంటకు 75 మైళ్ళు దాటనివ్వరు. ఇంకా ఎక్కువ వేగానికి అనుమతి తెచ్చుకునే పరీక్షల్లో భాగంగా 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి టొర్నాడో గంటకు 100 మైళ్ళు అందుకుంది. మరుసటి ఏప్రిల్‌లోనే వేగంగా పోతూ ఉండగా దాని కవాటాల యంత్రం విరిగి, బండి దారిలో నిలిచిపోయింది. గర్వానికీ వినయానికీ మధ్య సరిగ్గా ఒక్క ఏడాది.

ఐదున్నర లక్షల కిలోల పెద్దబ్బాయి

ఇక మన అమెరికా సంగతి. యూనియన్ పసిఫిక్ కోసం ఆల్కో కంపెనీ 1941 నుంచి 1944 దాకా 25 పెద్ద ఇంజన్లు చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ కర్మాగారంలో ఎవరో కార్మికుడు సుద్దముక్కతో ముందు భాగం మీద "బిగ్ బాయ్" అని రాశాడు, ఆ పేరే నిలిచింది. టెండరుతో కలిపి 132 అడుగుల పొడవు, 12 లక్షల పౌన్ల బరువు. మన లెక్కలో ఇంచుమించు ఐదున్నర లక్షల కిలోలు. ఒకే బాయిలరు కింద రెండు ఇంజన్లు. ముందుది అటూఇటూ తిరుగుతుంది కాబట్టి అంత పొడవూ మలుపు తిరగగలదు. యూటాలో ఆగ్డెన్ నుంచి తూర్పుగా వాసాచ్ కొండలెక్కే గూడ్సు బళ్ళ కోసం చేశారు.

వాటిలో ఎనిమిది మిగిలాయి. కాలిఫోర్నియా పొమోనాలో మ్యూజియంలో అర్ధశతాబ్దం పాటు నిలబడిన 4014 నంబరును కంపెనీ 2013లో తిరిగి తీసుకుంది. బదులుగా మ్యూజియానికి ఒక డీజిలు ఇంజనూ, ఒకటి రెండు పెట్టెలూ ఇచ్చింది. పార్కింగు స్థలంలో తాత్కాలికంగా పట్టాలు పరచి, మెల్లగా లాగి బయటికి తెచ్చారు. వయోమింగ్‌లోని షయాన్ షెడ్డులో విప్పి, బొగ్గు కొలిమిని చమురు కొలిమిగా మార్చి, 2019 మే నెలలో మళ్ళీ నడిపించారు. తూర్పు పడమరలు కలిపిన రైలుమార్గానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆగ్డెన్ చేర్చారు. 2021లోనూ 2024లోనూ దేశంలో చాలా దూరం తిప్పారు. దానిలోనూ పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్ అమర్చారు. వెనక ఒక డీజిలు ఇంజను కూడా వస్తుంది. దాన్ని చూసి పెదవి విరిచేవాళ్ళున్నారు. కానీ పెట్టెలకు కరెంటివ్వడానికీ, దిగుడులో పట్టి ఆపడానికీ, ఒకవేళ పెద్దబ్బాయి మొరాయిస్తే లైను ఖాళీ చేయడానికీ అది కావాలి. వెనక పది గూడ్సు బళ్ళు ఎదురుచూస్తున్న దారిలో భేషజం పనికిరాదు.

మన వైపు

మన దేశంలో కూడా ఈ ప్రయత్నం జరిగింది. 1855లో లీడ్స్‌లో తయారై ఈస్ట్ ఇండియన్ రైల్వేలో పనిచేసిన ఫెయిరీ క్వీన్‌ను మద్రాసు పెరంబూరు వర్క్‌షాపులో బాగుచేసి, 1997లో ఢిల్లీ నుంచి అల్వార్‌కు 143 కిలోమీటర్లు నడిపారు. మరుసటి ఏడాది గిన్నెస్ పుస్తకం అది క్రమం తప్పక నడిచే ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదని గుర్తించింది. దాని తోటిదైన ఎక్స్‌ప్రెస్ అనే ఇంజనును కూడా 2010లో పెరంబూరులోనే బతికించారు.

మనకూ అమెరికాకూ కలిసిన ఇంజను మరొకటుంది. తుపాకిగుండులా ముందుకు పొడుచుకొచ్చిన మూతి, దానిమీద వెండిరంగు నక్షత్రం, గుర్తొచ్చిందా? మన మెయిల్ బళ్ళను లాగిన డబ్ల్యూపీ రకం. ఆ రకంలో మొదటి పదహారూ చేసింది ఫిలడెల్ఫియాకు చెందిన బాల్డ్విన్ కంపెనీ, 1947లో. వాటిలో మొట్టమొదటిది 7200 నంబరు. హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఆజాద్ అనే పేరుతో దాన్ని కాపాడుతున్నారు. పెన్సిల్వేనియాలో ఉన్న తెలుగువాళ్ళు ఈసారి "ఇక్కడినుంచి మన ఊరికి ఏం వెళ్ళింది?" అని ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పుకోవచ్చు.

తీగలు మాత్రం ఇక్కడా అక్కడా ఒక్కటే ఇబ్బంది. మన బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా ఇప్పుడు విద్యుత్ లైనే. నెత్తి మీద 25,000 వోల్టుల తీగ ఉండగా, పూర్వంలా ఫైర్‌మన్ టెండరు మీదికెక్కి బొగ్గు ముందుకు తోసుకోవడానికి వీల్లేదు. తెలిసి తెలిసి ప్రాణం పోగొట్టుకోవడమే.

నెల్లూరు జిల్లా బిట్రగుంట వంటి ఊళ్ళు లోకో షెడ్డు చుట్టూ పెరిగాయి. ఆవిరి పోగానే ఆ సందడీ పోయింది. అక్కడ పోయినవి ఇంజన్లు మాత్రమే కాదు. రాత్రి డ్యూటీకి టిఫిను క్యారియరు పట్టుకుపోయి, పార ఊపు చూసి కుర్రాడు ఫైర్‌మన్‌గా పనికొస్తాడో లేదో చెప్పగలిగిన పెద్దవాళ్ళు కూడా. వాళ్ళ మాటలు రాసిపెట్టుకున్నవాళ్ళు తక్కువ. మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన తాతగారో, మామయ్యగారో ఉంటే ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చెప్పించుకోండి. ఫోనులో రికార్డు చేసుకోండి.

ఈ చరిత్రంతా చూశాక నాకర్థమైంది ఒకటే. పాతదాని మీద ప్రేమ ఒక్కటే దాన్ని పట్టాలెక్కించలేదు. పెగ్లర్‌కు ప్రేమ తక్కువై దివాలా తీయలేదు. గెట్టీస్‌బర్గ్ సిబ్బందికి ఆ ఇంజనంటే ఇష్టం లేక కాదు ప్రమాదం జరిగింది. నేటి పట్టాల మీద చోటు కావాలంటే నేటి నియమాలన్నీ పాటించాలి, నేటి సిగ్నల్ భాష నేర్చుకోవాలి, ఆ విద్య తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు దగ్గరుండి నేర్పాలి. ఇవి చేసినచోట ఇంజను నడుస్తోంది. చేయనిచోట రంగువేసిన ఇనుములా నిలబడి ఉంది. రెండేళ్ళకొకసారి కలుసుకుని మన భాషనూ ఆటపాటలనూ ఈ దేశంలో నడిపించాలని చూసే మనకు ఈ మాట కొత్తది కాదు.

చివరగా పిల్లలున్నవాళ్ళకొక సలహా. బిగ్ బాయ్ ఇంజన్లను స్క్రాంటన్, డెన్వర్, సెయింట్ లూయిస్, ఒమాహా, షయాన్, గ్రీన్ బే, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలలో నిలబెట్టి ఉంచారు. ఆ వైపు వెళితే చూపించండి. 4014 మీ దగ్గరి ఊరి మీదుగా వస్తుంటే తప్పక తీసుకెళ్ళండి. పట్టాలకు కనీసం 25 అడుగుల దూరంలో నిలబడండి. 2024 జూన్‌లో కెనడా నుంచి మెక్సికో వెళ్ళిన 2816 నంబరు ఆవిరి ఇంజనుకు మరీ దగ్గరగా వెళ్ళి ఫోనులో ఫొటో తీసుకోబోయిన ఒక యువతి ప్రాణం పోగొట్టుకుంది. ఫొటో రాకపోయినా ఫరవాలేదు. ఆ కూత ఒక్కటి చెవిన పడితే పిల్లలు మరచిపోరు.